హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: చేయించుకోవాలా, ఆగాలా? చేయించుకున్నవాళ్లు చెప్పండి

మబ్బుపట్టు:
అందరికీ నమస్తే. నాకు 28. ఇరవై దాటినప్పటి నుంచి నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతూ వచ్చింది. ఇప్పుడు నడినెత్తి కూడా పలచబడింది. నాన్నకీ మేనమామకీ పూర్తి బట్టతల. రెండు చోట్ల చూపించుకున్నాను. ఒక చోట కౌన్సెలర్ ఫోటోలు చూసి "4,500 గ్రాఫ్ట్‌లు (తీసి నాటే కుదుళ్ల గుత్తులు) పడతాయి, ముందూ వెనకా ఒకేసారి కప్పేస్తాం, జీవితకాలం గ్యారంటీ, ఈ నెలాఖరులోపు బుక్ చేసుకుంటే తగ్గింపు" అన్నారు. అక్కడ డాక్టర్ ముఖం కూడా చూడలేదు. రెండో చోట డాక్టర్ గారే కూర్చోబెట్టి, తల వెనక భాగాన్ని ఒక పరికరంతో చాలాసేపు చూసి, "ఏడాది మందులు వాడండి, అప్పుడు మాట్లాడదాం" అని పంపేశారు. మొదటివాళ్లు ఆశ పెట్టారు, రెండోవాళ్లు తీసేశారు. నాకు మాత్రం ఇంకో ఏడాది ఇలాగే తిరిగే ఓపిక లేదు. ఎవరి మాట వినాలి?

పాతకాపు:
తమ్ముడూ, రెండో డాక్టర్ మాట విను. ఎందుకో వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఈ ఆపరేషన్‌లో కొత్త జుట్టు ఏదీ పుట్టదు. తల వెనకా పక్కలా ఉన్న కుదుళ్లను తీసి ముందుకు మారుస్తారు, అంతే. మగవాళ్ల బట్టతలకు కారణమైన డీహెచ్‌టీ హార్మోన్ ముందు భాగం, నడినెత్తి కుదుళ్లను ఏడాదికేడాది సన్నబరుస్తుంది. వెనక భాగం కుదుళ్ల మీద దాని ప్రభావం చాలా తక్కువ. వాటిని ఎక్కడికి మార్చినా ఆ గుణం వాటితోనే వస్తుంది. 1959లో నార్మన్ ఒరెంట్రైక్ అనే అమెరికన్ డాక్టర్ ఈ సంగతి రాసినప్పటి నుంచి ఈ సర్జరీ అంతా దీని మీదే నిలబడి ఉంది.

కానీ వెనక ఉన్నది లెక్కగా ఉంటుంది. ఒక్కో గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు, సగటున రెండు. వెనక భాగం పలచగా కనబడకుండా తీయగలిగేవి చాలామందికి జీవితం మొత్తం మీద 5, 6 వేలకు అటూ ఇటూ. అందులో 4,500 నీకు 28 ఏళ్లకే ఖర్చు పెడతామంటున్నారు. నీ బట్టతల ఎక్కడ ఆగుతుందో ఇంకా ఎవరికీ తెలీదు. నాన్నగారినీ మేనమామనీ చూస్తే చాలా దూరమే వెళ్లేలా ఉంది. నాటిన జుట్టు నిలుస్తుంది, దాని వెనక ఉన్న నీ సొంత జుట్టు రాలుతూనే ఉంటుంది. అయిదారేళ్లకు ముందొక వరుస, దాని వెనక ఖాళీ, నడినెత్తిలో ఒక ముద్ద, దాని చుట్టూ మళ్లీ ఖాళీ. సరిచేద్దామంటే వెనక మిగిలేది ఉండదు.

ఇంకో లెక్క చూడు. సహజంగా చదరపు సెంటీమీటర్‌కు 80 దాకా గుత్తులు ఉంటాయి. నాటేటప్పుడు 35 నుంచి 45 పడితే మంచి పని అంటారు. ముందు భాగం 50 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే దానికే 2,000 కావాలి. నడినెత్తిలో అయిదు సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రం అంటే దాదాపు 78 చదరపు సెంటీమీటర్లు. అక్కడ ఎన్ని పోసినా ఇంకా కావాలనే అంటుంది. రెండూ ఒకే రోజు నిండుగా కప్పేస్తామన్నవాళ్లు ఈ లెక్క నీకు చెప్పారా?

జీవితకాలం గ్యారంటీ అన్న మాట ఏ మంచి సర్జన్ నోటా రాదు.

రెండోసారి:
పాతకాపు గారు చెప్పింది నా తల మీద జరిగింది. 23 ఏళ్లకు చేశారు. కనుబొమల మధ్య నుంచి నాలుగు వేళ్ల ఎత్తున కూడా లేదు, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా హెయిర్‌లైన్ పెట్టారు. చిన్నపిల్లాడికి ఉండే గీత అది. మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు. తర్వాత గీత వెనకున్న నా జుట్టు పోయింది, గీత మాత్రం నిలిచింది. ముందు వరుసలో ఒంటి వెంట్రుక గ్రాఫ్ట్‌లు పెట్టాల్సిన చోట రెండు మూడు వెంట్రుకల గుత్తులు పెట్టారు, అవి కూడా నిటారుగా. ఎండలో నిలబడితే దూరం నుంచి కూడా తెలిసిపోయేది.

రిపేర్ కోసం ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన కింది వరుసలో ఉన్న గుత్తుల్ని ఒక్కొక్కటీ పెకిలించి, వాటినే విడదీసి వెనక భాగంలో వాడారు. ముందు సన్నటి ఒంటి వెంట్రుకలు క్రమం లేకుండా చల్లినట్టు పెట్టారు. సగటు మగవాడికి హెయిర్‌లైన్ మధ్య భాగం కనుబొమల మధ్య నుంచి ఏడు నుంచి పది సెంటీమీటర్ల పైన ఉండాలని, రెండు పక్కలా కొంచెం లోపలికి పోవడమే పెద్దవాడి ముఖానికి అందమని అప్పుడు తెలిసింది. ఇప్పుడు బాగుంది. కానీ వెనక డోనర్, అంటే తీసి నాటడానికి పనికొచ్చే జుట్టు, అయిపోయింది, నడినెత్తి ఇక ఎప్పటికీ ఇంతే. మబ్బుపట్టూ, ఆ నెలాఖరు తగ్గింపు సంగతి మర్చిపో.

నున్నటితల:
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. అసలు చేయించుకోకపోవడం కూడా ఒక దారే. నేను ముప్పై దాటాక మిషన్ పెట్టి మొత్తం తీసేశాను. మొదటి వారం బయటికి వెళ్లాలంటే ఇబ్బందిగా ఉండేది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదని అర్థమైంది. ట్రాన్స్‌ప్లాంట్ తప్పని అనడం లేదు. కానీ "అద్దం చూసుకోలేకపోతున్నాను, మనుషుల్లోకి వెళ్లలేకపోతున్నాను" అనే స్థితిలో ఉంటే ముందు ఆ బాధ గురించి ఎవరితోనైనా, అవసరమైతే మానసిక వైద్యులతోనైనా మాట్లాడాలి. ఆ బాధ మనసులో అలాగే ఉంటే జుట్టు వచ్చాక ముక్కు మీదికో, నుదుటి మీదికో మారుతుంది. ఒకసారి గుండు చేయించుకుని నెల రోజులు ఉండి చూడు. తల ఆకారం నప్పితే నీకు ఇంకో దారి కూడా ఉందని తెలిసి నిర్ణయం తేలికవుతుంది.

మబ్బుపట్టు:
అందరికీ థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. డబ్బు కట్టలేదు, ఇక కట్టను కూడా. సరే, ఒక సంవత్సరం ఆగుతాను అనుకోండి. అప్పుడైనా మంచి డాక్టర్ని ఎలా గుర్తుపట్టాలి? అందరి గోడల మీదా ముందు, తర్వాత ఫోటోలు ఒకేలా ఉంటున్నాయి.

థియేటర్‌డ్యూటీ:
నేను ఈ సర్జరీల్లో కొన్నేళ్లు సహాయకురాలిగా పనిచేశాను. లోపల జరిగేది చెప్తాను, దాన్నిబట్టి మీరే ప్రశ్నలు వేసుకోండి.

పని మూడు మెట్లు. వెనక నుంచి కుదుళ్లు తీయడం, ముందు గాట్లు పెట్టడం, ఆ గాట్లలో కుదుళ్లు కూర్చోబెట్టడం. ఎఫ్‌యూఈ పద్ధతిలో మిల్లీమీటర్ లోపు వెడల్పుండే గుండ్రటి పంచ్‌తో ఒక్కో గుత్తినీ విడిగా తీస్తారు. చర్మం కింద వెంట్రుక ఏ కోణంలో వంగి ఉందో చేతికి తెలియాలి, లేకపోతే కుదురు సగానికి తెగిపోతుంది. తెగినది పోయినట్టే. గాట్లు పెట్టడం ఇంకా కీలకం. వెంట్రుక ఏ దిక్కుకు పడుకోవాలి, ఎంత వంపుతో, ఎంత దగ్గరగా అన్నది అక్కడే తేలిపోతుంది. రోగి జీవితాంతం మోసే రూపం అది. ఈ రెండు పనులూ డాక్టర్ చేతితో జరగాలి. కూర్చోబెట్టే పని శిక్షణ ఉన్న టెక్నీషియన్లు చేయడం మామూలే, అందులో తప్పు లేదు.

డాక్టర్ పొద్దున పలకరించి గీత గీసి వెళ్లిపోతే, సాయంత్రం దాకా మిగతావాళ్లే అంతా చేసే చోట్లు ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఈ సర్జన్లకున్న సంఘం, ఐఎస్‌హెచ్‌ఆర్‌ఎస్, దీని మీద ప్రత్యేకంగా ప్రచారమే నడుపుతోంది. అందుకే తిన్నగా అడగండి: నా తల మీద గాట్లు ఎవరు పెడతారు? ఆ రోజు నాతో పాటు ఇంకెంతమందికి చేస్తున్నారు? తీసిన గ్రాఫ్ట్‌లు ఎంతసేపు బయట ఉంటాయి, దేంట్లో ఉంచుతారు? చల్లటి ద్రావణంలో ఉన్నా బయట గడిచే ప్రతి గంటా వాటి బతుకు తగ్గిస్తుంది. ఎండిపోతే నిమిషాల్లో పోతాయి.

మత్తు గురించి కూడా అడగండి. లోకల్ మత్తే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆరేడు గంటల్లో లిగ్నోకైన్ పదేపదే ఎక్కిస్తారు. మీ బరువుకు ఎంత దాటకూడదో లెక్క ఉంటుంది, దాటితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. బీపీ, నాడి చూసే మానిటర్, ఆక్సిజన్, అత్యవసర మందులు ఆ గదిలోనే ఉన్నాయా? బరువు తూచారా? రక్త పరీక్షలు అడిగారా? వాడే మందులన్నీ అడిగారా? రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు.

ఇక ఫోటోలు. తడి జుట్టుతో, పై నుంచి వెలుతురు పడేలా తీసినవి, దువ్వెనతో వెనక్కి దువ్వి చూపే వీడియోలు అడగండి. ముఖ్యంగా డోనర్ భాగం ఫోటోలు. అందరూ ముందు చూపిస్తారు, వెనక ఎవరూ చూపించరు.

సన్నజాజి:
ఆడవాళ్లెవరైనా ఈ చర్చ చదువుతుంటే నాది ఒక మాట. మగవాళ్లకు కూడా పనికొస్తుంది. జుట్టు ఎందుకు పోతోందో తేలకుండా సర్జరీ మాటే ఎత్తకండి. నాకు పాపిడి వెడల్పవుతూ వచ్చింది. ముందు రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), థైరాయిడ్ చూశారు. ఐరన్ బాగా తక్కువ ఉంది. జ్వరం, కాన్పు, ఒక్కసారిగా బరువు తగ్గడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లకొద్దీ రాలేది దానంతట అదే సర్దుకుంటుంది, దానికి కత్తి అక్కర్లేదు. నాకు నుదుటి అంచున ఎరుపు, దురద కూడా ఉండటంతో డాక్టర్ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. లైకెన్ ప్లానోపిలారిస్ అని తేలింది. అది కుదురుని మచ్చగా మార్చే జబ్బు. చురుగ్గా ఉన్నప్పుడు నాటితే నాటినవి కూడా తినేస్తుంది. మందులతో నెమ్మదించి, కనీసం రెండేళ్లు నిద్రాణంగా ఉన్నాకే ఆలోచిద్దామన్నారు. ఆ బయాప్సీ చేయకుండా ఎవరైనా నన్ను టేబుల్ ఎక్కించి ఉంటే ఉన్నది కూడా పోయేది.

ఇంకొకటి. కొందరికి వెనక భాగం కూడా సన్నబడుతుంది. పైకి నిండుగానే కనిపిస్తుంది, పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది. అలాంటి డోనర్ నుంచి తీసినవి ముందుకు వచ్చాక కూడా రాలిపోతాయి. మబ్బుపట్టు గారూ, మీ రెండో డాక్టర్ పరికరంతో వెనక భాగం అంతసేపు చూసింది దీనికే అయ్యుంటుంది.

రాయి:
మందుల ముచ్చట నేను చెప్త. అందరూ ఫినాస్టెరైడ్ మాత్ర వాడు వాడు అంటరు. నేను వాడిన. కొన్ని నెలలకే కోరిక తగ్గింది, మనసు ఎప్పుడూ బరువుగా ఉండేది. డాక్టర్‌కు చెప్పి ఆపేసిన, మెల్లగ సర్దుకుంది. జుట్టు మీద ఆశ కొద్ది ఒంట్ల తేడా వస్తే దాచుకోవద్దు తమ్మీ. నాకైతే మినాక్సిడిల్ ఒక్కటే పడ్డది.

పాతకాపు:
రాయి అన్నా, మీరు చెప్పింది చాలా అవసరం. తమ్ముడికి రెండు వైపులా తెలియాలి.

ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రామ్‌ని జుట్టు కోసం అమెరికాలో 1997లో అనుమతించారు. రక్తంలో డీహెచ్‌టీని మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. ఎక్కువమందికి రాలడం ఆగుతుంది, కొందరికి కొంత తిరిగి వస్తుంది. లైంగిక ఇబ్బందులు నూటికి కొద్దిమందిలోనే కనిపించాయి, చాలావరకు ఆపితే పోతాయి. ఆపాక కూడా కొనసాగాయని చెప్పినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయకూడదు. 2025లో యూరప్ మందుల సంస్థ ఆత్మహత్య ఆలోచనల్ని కూడా ఈ మందు దుష్ప్రభావంగా గుర్తించింది. గతంలో డిప్రెషన్ ఉన్నవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి. వయసు పైబడ్డాక ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేస్తే ఈ మందు ఆ సంఖ్యను సగానికి దించేస్తుంది, ఆ సంగతి పరీక్ష రాసే డాక్టర్‌కు తెలియాలి.

మినాక్సిడిల్ తలకు రాసేది. మొదటి నెలలో ఇంకా ఎక్కువ రాలుతుంది, భయపడి మానేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు వాడితే గానీ చెప్పలేం. రెండూ వాడినంత కాలమే పనిచేస్తాయి.

నాటేది ఖాళీని నింపడానికి, మందు ఉన్నదాన్ని నిలపడానికి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకు.

సన్నజాజి:
గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం రావచ్చనుకునేవాళ్లు విరిగిన, పొడి చేసిన ఫినాస్టెరైడ్ మాత్రని ముట్టుకోకూడదు. మగపిండం ఎదుగుదలకు హాని. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మబ్బుపట్టు:
అన్నీ రాసుకున్నాను. రెండో డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లి, రాయి అన్న చెప్పిన ఇబ్బందుల గురించి కూడా అడిగి మందులు మొదలుపెడతాను. ఈ చర్చ మూసేయకండి, మళ్లీ వస్తాను.

మబ్బుపట్టు:
ఏడాది దాటింది, వచ్చాను. మందులు పడ్డాయి, ఇబ్బందులేమీ రాలేదు. నడినెత్తి చాలావరకు నిండింది! ముందు భాగం మాత్రం పోయింది పోయినట్టే ఉంది. డాక్టర్ గారు పాత ఫోటోలతో పోల్చి చూసి, రాలడం నిలకడకు వచ్చింది, ఇప్పుడు చేద్దామన్నారు. ముందు భాగానికి మాత్రమే 2,200 గ్రాఫ్ట్‌లు. నడినెత్తి ముట్టుకోరట, డోనర్ మిగిల్చి ఉంచుతారట. హెయిర్‌లైన్ ఇంకాస్త కిందికి పెట్టమని అడిగాను. "నలభై అయిదేళ్ల మీరు నన్ను తిట్టుకోకూడదు" అన్నారు. ఇక అడగలేదు. గాట్లు ఆయనే పెడతారు, ఆ రోజు నేనొక్కడినే. వచ్చే వారం.

రెండోసారి:
ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. ముందు బొత్తాలున్న చొక్కా వేసుకెళ్లు, తల మీది నుంచి తీసేది వద్దు. సిగరెట్ ఉంటే ఇప్పుడే మానేయ్, నాటిన చోటికి రక్తం అందడం దాని మీదే ఉంటుంది.

మబ్బుపట్టు:
అయిపోయింది. మత్తు సూదులే బాధ, నుదుటి దగ్గర మరీను, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. వెనక భాగం తీసేటప్పుడు బోర్లా పడుకోబెట్టారు, మెడ పట్టేసింది. రాత్రి వెనక మంట, మాత్ర వేసుకుంటే తగ్గింది. ఇంటికి వచ్చాక మొదటి రెండు రోజులు బాగానే ఉన్నాను. ఇవాళ పొద్దున లేచేసరికి నుదురు మొత్తం వాచి కళ్ల మీదికి దిగింది, ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. అమ్మ చూసి ఏడ్చేసింది. ఇది మామూలేనా? ఎవరైనా త్వరగా చెప్పండి.

థియేటర్‌డ్యూటీ:
మామూలే, అమ్మగారికి ధైర్యం చెప్పండి. మత్తుతో పాటు తలలోకి ఎక్కించిన ద్రవం బరువుకు కిందికి దిగుతుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య నుదుటి మీదికి, కళ్ల చుట్టూ వస్తుంది, వారంలోపు పోతుంది. రెండు మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు, 45 డిగ్రీల వాలులో పడుకోండి. వంగొద్దు. చల్లటి గుడ్డ కనుబొమల దగ్గర, కణతల దగ్గర పెట్టుకోవచ్చు. నాటిన భాగానికి మాత్రం తగలకూడదు. సెలైన్ స్ప్రే చెప్పినన్నిసార్లు కొడుతూ ఉండండి, పక్కులు గట్టిపడవు.

ఫోన్ చేయాల్సినవి వేరే ఉన్నాయి: జ్వరం, చీము, తగ్గకుండా పెరిగే నొప్పి, నొక్కిపట్టినా ఆగని రక్తం, నాటిన చోట చర్మం నల్లబడటం. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

మబ్బుపట్టు:
వాపు దిగింది. కానీ ఇవాళ కారు ఎక్కుతుంటే తలుపు పైఅంచు నుదుటి పైన తగిలింది, సరిగ్గా నాటిన చోట. చుక్క రక్తం వచ్చింది. ఎన్ని పోయుంటాయి? చేతులు వణుకుతున్నాయి.

థియేటర్‌డ్యూటీ:
ఆపరేషన్ అయ్యి ఎన్నాళ్లయింది? మీ పోస్టుల్ని బట్టి ఆరో రోజు దాటినట్టుంది. శుభ్రమైన గాజుగుడ్డతో అయిదు నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి, రుద్దొద్దు. అద్దంలో చూడండి. గ్రాఫ్ట్ ఊడితే చిన్న గుంట కనిపిస్తుంది, రక్తం బాగా కారుతుంది, వెంట్రుకతో పాటు కింద కండ ముక్క లాంటిది చేతికి వస్తుంది. అవేవీ లేకపోతే పక్కు కదిలి రక్తం చెమ్మగిల్లింది, అంతే.

దీని మీద బెర్న్‌స్టీన్, రాస్‌మన్ అనే డాక్టర్లు పరిశీలించి 2006లో రాశారు. ఆరో రోజు తర్వాత నాటిన వెంట్రుకను పట్టి లాగినా గ్రాఫ్ట్ ఊడిరాలేదు. పక్కు గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని లాగడం వల్ల ఎనిమిదో రోజు దాకా ప్రమాదం ఉంది. కాబట్టి పక్కులు గోకొద్దు. పదో రోజు నుంచి నురుగు పట్టించి, నానాక వేలి మెత్తటి భాగంతో గుండ్రంగా తిప్పితే వాటంతటవే రాలతాయి. డాక్టర్‌కు ఒక ఫోటో పంపండి, మీ మనసు కుదుటపడుతుంది.

మబ్బుపట్టు:
పంపాను, ఏమీ పోలేదన్నారు. ప్రాణం లేచొచ్చింది.

మబ్బుపట్టు:
మూడో వారం నడుస్తోంది. తలంటుకుంటుంటే నాటిన వెంట్రుకలు వేళ్లకు వచ్చేస్తున్నాయి. పక్కన ఉన్న నా పాత జుట్టు కూడా రాలుతోంది. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందుకన్నా పలచగా ఉన్నాను. ఇలా రాలుతుందని డాక్టర్ గారు ముందే చెప్పారు, అయినా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పాతకాపు:
తెలిసి ఉండటం వేరు, కళ్లముందు రాలడం వేరు. నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు.

నారు పీకి వేరే మడిలో నాటితే ముందు వాడి పసుపెక్కుతుంది, ఆకు రాలుతుంది. చచ్చిందనుకుంటాం. వేరు కొత్త మట్టిని పట్టాక లేస్తుంది. ఇక్కడా కుదురుకి కొన్ని గంటలు రక్తం అందలేదు. ఆ దెబ్బకు అది విశ్రాంతి దశలోకి వెళ్లి, పైనున్న వెంట్రుకను వదిలేసింది. కుదురు లోపలే ఉంది. రెండో వారం నుంచి రెండో నెల దాకా ఇది జరుగుతుంది. పాత జుట్టు రాలడాన్ని షాక్ లాస్ అంటారు. బలంగా ఉన్నవి మూడు నాలుగు నెలల్లో తిరిగి వస్తాయి. ఎలాగూ పోవడానికి సిద్ధంగా ఉన్న సన్నటివి కొన్ని తిరిగి రాకపోవచ్చు, అందుకే మందు మానొద్దు. తలకు రాసేది మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌ని అడుగు, గాట్లు పూర్తిగా మానాలి.

నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీసి పక్కన పెట్టు. మధ్యలో చూడకు. రోజూ అద్దంలో వెతికితే ఏమీ కనపడదు.

రెండోసారి:
రెండో నెల నుంచి నాలుగో నెల దాకా అన్నిటికన్నా కష్టమైన కాలం. ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చి రాస్తూ ఉండు, ఒక్కడివే కూర్చోకు.

మబ్బుపట్టు:
నాలుగో నెల మొదట్లో ఉన్నాను. నాటిన చోట చిన్న చిన్న మొటిమల్లా వస్తున్నాయి, నొక్కితే నొప్పి. వెనక భాగం ఇంకా మొద్దుబారినట్టే ఉంది. అక్కడక్కడా సన్నటి, వంకర తిరిగిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి, దువ్వినా మాట వినవు.

సన్నజాజి:
వంకర వెంట్రుకలు వచ్చాయంటే శుభవార్త. మొదట అలాగే వస్తాయి, ఏడాది తిరిగేసరికి మెత్తబడతాయి.

థియేటర్‌డ్యూటీ:
కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని వచ్చేటప్పుడు అలాంటి పొక్కులు మామూలే. గిల్లొద్దు, గోరువెచ్చటి తడిగుడ్డ కాపడం పెట్టండి. ఎక్కువ సంఖ్యలో వచ్చినా, చీము పట్టి పాకుతున్నా డాక్టర్‌కు చూపించాలి, మందు అవసరమవుతుంది. స్పర్శ రావడానికి కొందరికి వారాలు, కొందరికి ఆరు నెలలు కూడా పడుతుంది. నరాలు నెమ్మదిగా పెరుగుతాయి. మధ్యలో చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటే అది తిరిగి వస్తున్న గుర్తే.

మబ్బుపట్టు:
సంవత్సరం పూర్తయింది. ఆరో నెలలో సగం వచ్చిందనిపించింది, ఎనిమిది నుంచి పది మధ్య వెంట్రుక లావెక్కింది, అదే అసలు తేడా. ఇవాళ డాక్టర్ గారు పాత ఫోటో పక్కన పెట్టి చూపించారు. పద్దెనిమిదేళ్ల జుట్టు కాదు. తడిస్తే లైటు కింద చర్మం కనిపిస్తుంది. గట్టి గాలి వీస్తే కుడి పక్క ఇంకా పలచన. కానీ ముఖానికి ఒక చట్రం వచ్చింది, ఎవరికీ నాటినట్టు తెలియడం లేదు. నేను కోరుకున్నది అదే. థియేటర్‌డ్యూటీ గారూ, ఆ కారు తలుపు రోజు మీరు వెంటనే రాయకపోతే నేను ఏమైపోయేవాడినో. పాతకాపు అన్నా, 4,500 లెక్క మీరు విప్పి చెప్పకపోతే ఆ నెలాఖరుకే సంతకం పెట్టేసేవాడిని.

దారిలోకొత్త:
మొత్తం చదివాను. నాకు 36, హెయిర్‌లైన్ బాగానే ఉంది, నడినెత్తి మాత్రం ఖాళీ. మందులు వాడుతున్నాను. నాకు నడినెత్తికి చేయించుకోవడంలో అర్థం ఉందా?

పాతకాపు:
ఉండొచ్చు, కానీ ఇంకా ఆలోచించి చేయాలి. నడినెత్తిలో జుట్టు సుడి తిరిగి నాలుగు వైపులా విడిపోతుంది, ఒకదాని మీద ఒకటి పడి కప్పదు. అందుకే ముందు భాగానికి సరిపోయే సంఖ్య అక్కడ పలచగా కనిపిస్తుంది. పైగా ఆ గుండ్రం బయటికి పెరుగుతూ పోతే నాటిన ముద్ద చుట్టూ ఉంగరంలా ఖాళీ ఏర్పడుతుంది. ఫలితం కూడా ఆలస్యం, 15 నుంచి 18 నెలలు పడుతుంది. మీ ఇంట్లో మగవాళ్లకు ముందు భాగం కూడా పోయిందా? పోయి ఉంటే డోనర్‌ని ముందుకోసం దాచమనే చెప్తాను. ముందు భాగం ఉంటే ముఖం ఉంటుంది. డాక్టర్ దగ్గర చుట్టూ ఉన్న జుట్టు ఎంత శాతం సన్నబడిందో కొలిపించుకుని రండి, అప్పుడు మాట్లాడదాం.

దారిలోకొత్త:
నాన్నకు ముందు భాగం అరవై దాటినా ఉంది. కొలిపించుకుని వస్తాను. మబ్బుపట్టు గారూ, వెనక ఎంత పొట్టిగా కత్తిరించుకోగలుగుతున్నారు? నాకు పొట్టి క్రాఫే అలవాటు.

మబ్బుపట్టు:
మూడో నంబర్ మిషన్ దాకా ఏమీ తెలియడం లేదు. రెండు పెడితే దగ్గరగా చూసేవాళ్లకు తెల్లటి చుక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఒకటి నేను పెట్టలేదు.

రెండోసారి:
నాకు రెండుసార్లు తీశారు కాబట్టి నాలుగుకు తగ్గను. స్ట్రిప్ పద్ధతిలో, అంటే వెనక చర్మాన్ని ఒక పట్టీలా కోసి తీసే పద్ధతిలో, చేయించుకుంటే చుక్కలు ఉండవు, చెవి నుంచి చెవికి ఒక గీత ఉంటుంది, దానికి ఇంకా పొడవు కావాలి. పొట్టి క్రాఫ్ ముఖ్యమైతే సంతకం పెట్టేముందే సర్జన్‌తో ఈ మాట చెప్పండి, తీసే చోట్లు దూరం దూరంగా పరిచి తీస్తారు.